కుళాయిల అసిస్టెంట్

శనివారం ఉదయం పదకొండుంపావుకి మా ఆవిడ హైమావతి హర్షపురి వినోద నగరంలో అతిథిగా అడుగుపెట్టింది. పన్నెండు కొట్టకుండానే అక్కడ ఉద్యోగి అయింది. మర్నాడు మధ్యాహ్నానికి ఆ రిసార్ట్ జనరల్ మేనేజర్ ఆవిడతో మాట్లాడాలంటే తలుపు కొట్టి, అనుమతి తీసుకుని, నిలబడి మాట్లాడే స్థాయికి చేరుకుంది.

ఇంత వేగంగా పైకొచ్చిన మనిషిని మా వంశంలో నేను చూడలేదు. ఇబ్బందల్లా ఒక్కటే. సోమవారం ఉదయం పదిన్నరకి ఆవిడ ఇంకో ఉద్యోగంలో చేరాలి.

ఆ ఉద్యోగం ఊరికే రాలేదు. పదకొండేళ్ళలో మూడు డీఎస్సీలు రాసింది హైమ. మొదటిది అర మార్కులో పోయింది. రెండోది కోర్టు కేసులో పోయింది. మూడోది వయోపరిమితి దాటడానికి ఏడు నెలల ముందు దక్కింది. కొండ మీద ఊళ్ళో సెకండరీ గ్రేడ్ టీచర్. సోమవారం చేరకపోతే ఆ పోస్టు జాబితాలో తర్వాతి వాళ్ళకి వెళ్ళిపోతుంది. చేరేటప్పుడు ఇవ్వాల్సిన కాయితాల్లో ఒకటి ఇలా ఉంది: "నేను ప్రస్తుతం మరే ఇతర సంస్థలోనూ ఉద్యోగం చేయుట లేదు. చేయుచున్న యెడల సదరు సంస్థ రిలీవింగ్ ఆర్డరు జతపరచితిని. పై వివరములు అబద్ధమని తేలినచో నా నియామకము రద్దగును."

ఆ కాయితం మీద శుక్రవారం రాత్రే సంతకం పెట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది.

మరి ఇలాంటప్పుడు రిసార్ట్‌కి ఎందుకు వెళ్ళారని అడగచ్చు. మా అమ్మాయి మోక్షితకి తొమ్మిదేళ్ళు. అమ్మకి ఉద్యోగం వస్తే హర్షపురిలో అలల కొలను చూపిస్తామని రెండేళ్ళ క్రితం మాట ఇచ్చాం. మాది అనకాపల్లి. అసలు సముద్రం గంట దూరం. దాన్ని చూసి చూసి విసుగెత్తిన పిల్లకి బ్రోషర్లో సముద్రం కావాలి. అందులో అలలు గంటకోసారి టైం ప్రకారం వస్తాయని రాసి ఉంది.

మాతో మా నాన్న పైడిరాజు కూడా బయల్దేరాడు. ఆర్టీసీలో ముప్ఫై నాలుగేళ్ళు కండక్టరు. లాక్‌డౌన్ నెలలో రిటైరయ్యాడు. కాయితం వాట్సాప్‌లో వచ్చింది. దండ లేదు, శాలువా లేదు, డిపో మేనేజర్ నాలుగు మాటలు మాట్లాడింది లేదు. అప్పట్నించీ ఎవరింట్లో రిటైర్మెంట్ ఫంక్షన్ జరిగినా చివరిదాకా కూర్చుని, ఇంటికొచ్చాక శాలువా నాణ్యత గురించి మాట్లాడతాడు.

రిసార్ట్ ముఖద్వారం నవ్వుతున్న బఫూన్ నోరు. పై వరసలో నాలుగు పళ్ళు లేవు. కింది దవడ ఊడితే తీసి పక్కన పెట్టారు. దాని మీద కూర్చుని సెక్యూరిటీ ఆయన పేపర్ చదువుకుంటున్నాడు. ఆ పక్కనే పెద్ద బోర్డు: "గత 1,187 రోజులుగా ఒక్క ఫిర్యాదూ లేని ఏకైక వినోద నగరం". ఆ ప్రాంగణంలో పెయింట్ కొత్తగా ఉన్నది ఆ బోర్డుకే.

రిసెప్షన్లో ముగ్గురి వేలిముద్రలూ తీసుకున్నారు.

"వేలిముద్ర ఎందుకమ్మా?" అన్నాను.

"ఆధార్‌తో అనుసంధానం సార్. మీ సౌకర్యం కోసమే," అంది ఆ అమ్మాయి. మీ సౌకర్యం కోసమే అని ఎవరైనా అంటే ఆ రోజు నుంచీ నేను రెండు చేతులూ జేబులో పెట్టుకుంటున్నాను.

సామాను గదిలో పడేసి, ముందు అలల కొలను దగ్గరికి పరిగెత్తాం. ఎకరం మేర కొలను. నీళ్ళు లేవు. అడుగున నీలం పలకల మీద వరసగా చీరలు పరిచి వంటవాళ్ళు గుమ్మడి వడియాలు పెట్టారు. గట్టు మీద కుర్చీలో ఒకాయన విజిల్ మెళ్ళో వేసుకుని కాకుల్ని అదిలిస్తున్నాడు.

"అల ఎప్పుడొస్తుందండీ?" అని అడిగింది మోక్షిత.

"పన్నెండింటికి పాపా."

సరిగ్గా పన్నెండుకి ఇంకా పాతిక నిమిషాలుండగానే గోడ వెనకాల యంత్రం మూలిగింది. ఒక నిమిషం పాటు మూలిగి ఆగిపోయింది.

"ఇవాళ కాస్త ముందొచ్చింది," అన్నాడాయన. "అల వచ్చి వెళ్ళిపోయినట్టే. నీళ్ళుంటే కనపడేది."

మోక్షిత వడియాల వైపు చూస్తూ నిలబడింది. ఆ పిల్లని చూసి హైమకి మొహం కందిపోయింది. గదికి వెళ్ళి ముఖం కడుక్కుందామని కుళాయి తిప్పింది. కుళాయి తిరిగింది, తిరిగి చేతిలోకి వచ్చేసింది. లోపల నీళ్ళు లేవు కాబట్టి గది తడవలేదు.

రిసెప్షన్‌కి ఫోన్ చేసింది. "కుళాయి ఊడొచ్చిందమ్మా. ఎవరినైనా పంపిస్తారా?"

"మేడమ్, ఇది ఫిర్యాదా?" అవతల గొంతు తగ్గింది.

"ఫిర్యాదే."

"ఇంకోసారి ఆలోచించుకోండి మేడమ్."

"ఆలోచించడానికేముంది? కుళాయి నా చేతిలో ఉంది."

ఐదు నిమిషాల్లో తలుపు చప్పుడైంది. వచ్చింది ప్లంబర్ కాదు. నల్లకోటు, బంగారు రంగు బ్యాడ్జీ, ఒక చేతిలో ఫైలు, రెండో చేతి మీద మడతపెట్టిన నీలం రంగు యూనిఫాం చొక్కాలు. ఆ చొక్కాలు నాలుగైదు సైజుల్లో ఉన్నాయి.

"నా పేరు విశ్వపతి. ఈ సంస్థ జనరల్ మేనేజర్ని. హృదయపూర్వక శుభాకాంక్షలు మేడమ్. తమరిని మా సంస్థలో కుళాయిల అసిస్టెంట్‌గా నియమించడమైనది. ఈ ఉదయం పదకొండు గంటల నుంచి అమల్లోకి వస్తుంది."

హైమ కుళాయిని చూసింది. ఆయన్ని చూసింది. "నేను కుళాయి బాగుచెయ్యమన్నానండీ."

"అక్కడికే వస్తున్నాను. కుళాయి ఊడిందని అతిథి చెబితే అది ఫిర్యాదు. ఉద్యోగి చెబితే అది అంతర్గత సమాచారం. రెండింటికీ వేరు వేరు రిజిస్టర్లు. పదకొండు వందల ఎనభై ఏడు రోజుల చరిత్రని ఒక్క కుళాయి కోసం మేం భ్రష్టు పట్టించుకోలేం కదా."

"కుళాయి బాగుచేస్తే సరిపోయేదిగా."

"బాగుచెయ్యాలంటే పాడైందని నమోదు కావాలి. నమోదు కావాలంటే ఫిర్యాదు ఉండాలి. ఇక్కడ ఫిర్యాదు లేదు. కావున, కుళాయి పాడవలేదు."

నేను కలగజేసుకున్నాను. చెయ్యకూడనిది అదే. "ఇదేం పద్ధతండీ? అడక్కుండా మనుషుల్ని ఉద్యోగంలో వేసుకోవడమేంటి?"

విశ్వపతి నా భుజాల వెడల్పు కళ్ళతోనే కొలిచి రెండో చొక్కా తీశాడు. "నియామకాల విధానంపై అంతర్గత సమాచారం. తమరు మానవ వనరుల అసిస్టెంట్."

"ఏటి బాబూ," అన్నాడు నాన్న మంచం మీంచి, "ఒచ్చి అరగంటయింది, టీ నీళ్ళు కూడా ఇవ్వరేటి ఇక్కడ?"

"పానీయాల అసిస్టెంట్," అని మూడో చొక్కా ఇచ్చాడు విశ్వపతి.

"మరి అల రాలేదు కదా అంకుల్, అది మోసం కాదా?" అంది మోక్షిత.

ఆయన వంగి దాని తల నిమిరాడు. "పద్దెనిమిదేళ్ళ లోపు వారివి ఫిర్యాదుల కిందకి రావమ్మా. దాన్ని మారాం అంటారు."

"జీతమెంత?" అన్నాడు నాన్న. ఉద్యోగం అనగానే అడగాల్సింది ఆయన అడిగాడు.

"గౌరవ వేతనం. ప్రస్తుతానికి గౌరవం మాత్రమే అందుబాటులో ఉంది."

ఆయన వెళ్ళాక మేం నవ్వుకున్నాం. ప్యాకేజీలో భాగంగా పెట్టిన వినోద కార్యక్రమం అనుకున్నాం. నాన్న చొక్కా వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. భుజాల దగ్గర సరిగ్గా సరిపోయింది.

భోజనాల హాల్లో నవ్వు ఆగింది. అరవై మంది యూనిఫాంల్లో ఉన్నారు. వడ్డించడానికి ముప్ఫై మంది. కూర్చుని తినే అతిథి ఒక్కరే, మా మోక్షిత. దాని చుట్టూ పప్పు పట్టుకుని ఇద్దరు, నెయ్యి పట్టుకుని ఒకరు, విసనకర్రతో ఒకరు నిలబడ్డారు.

నాకు సాంబారు పోస్తున్న పెద్దాయన చేతికి ఖరీదైన వాచీ ఉంది. "మీరు ఇక్కడ చాలాకాలంగా పని చేస్తున్నారాండీ?" అన్నాను.

"నేను దోమలు," అన్నాడాయన. "జనవరి నుంచి."

"అంటే?"

"మాది భీమవరం. రొయ్యల చెరువులున్నాయి. ఒక్క రాత్రి ఉండి పోదామని వచ్చాం. దోమలున్నాయన్నాను. అదుగో, అక్కడ నీళ్ళు పోస్తున్నావిడ ఏసీ, ఉగాది. ఆ ఊడుస్తున్న ఇద్దరూ కొత్త దంపతులు. గీజరు, శ్రావణమాసం."

"వెళ్ళిపోవచ్చు కదండీ?"

"గేటు దగ్గర వేలు పెట్టమంటారు. పెడితే ఉద్యోగి అని ఎర్రలైటు. రిలీవింగ్ ఆర్డర్ చూపించమంటారు. మొదట్లో గొడవ పడ్డాను. గొడవ పడ్డప్పుడల్లా ప్రమోషన్." ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇప్పుడు సీనియర్ సూపర్‌వైజర్ని. ఇంట్లో ఫ్యాను స్పీడు పెంచమంటే ఎవరూ వినరండీ. ఇక్కడ నా కింద ఎనిమిది మంది."

హైమ అన్నం కలపడం ఆపేసింది. ఫోన్ తీసింది. పదకొండూ నలభై రెండుకి వచ్చిన మెసేజ్ అప్పుడు చూసింది. "అభినందనలు. మీ ఆధార్‌పై హర్షపురి వినోద నగరంలో కుళాయిల అసిస్టెంట్‌గా మీ ఉద్యోగ నమోదు పూర్తయినది."

ప్లేటు పక్కకి నెట్టి లేచింది. నేనూ వెనకాల పరిగెత్తాను.

విశ్వపతి గది తలుపు తోసింది. "నా పేరు తీసెయ్యండి. సోమవారం నేను గవర్నమెంటు ఉద్యోగంలో చేరాలి. ఎక్కడా ఉద్యోగం చెయ్యట్లేదని రాసిచ్చాను. వాళ్ళు ఆధార్ కొట్టి చూస్తే మీ కుళాయి కనిపిస్తుంది. నా పోస్టు పోతుంది. మీకు అర్థమవుతోందా?"

"సంపూర్ణంగా," అన్నాడాయన. "అనుభవం గల వారు వెళ్ళిపోవడం సంస్థకి లోటే. రిలీవింగ్ ఆర్డర్‌కి మూడు నెలల నోటీసు. లేదా పై అధికారి విచక్షణ మేరకు తక్షణం."

"ఎవరా పై అధికారి?"

"కుళాయిల సూపర్‌వైజర్. ఆ పోస్టు ఖాళీ."

"ఇదంతా అన్యాయం. లిఫ్టు నడవదు, కొలనులో నీళ్ళు లేవు, రంగులరాట్నం మీద ఒక్క గుర్రానికీ తల లేదు. ఇవన్నీ మానేసి మనుషుల వేలిముద్రలు తీసుకోవడానికి మాత్రం యంత్రం పనిచేస్తోంది."

విశ్వపతి రాసుకున్నాడు. "నాలుగు అంశాలు. కుళాయిల ఉద్యోగి లిఫ్టు గురించి మాట్లాడటం పరిధి దాటడం అవుతుంది. కింది స్థాయి వారు చెబితే అసంతృప్తి. పై స్థాయి వారు చెబితే పర్యవేక్షణ. తమరికి నాలుగు మెట్లు ప్రమోషన్ ఇవ్వడమైనది. విభాగాధిపతి."

"నాకు ప్రమోషన్ వద్దు."

"పదోన్నతి విధానంపై అసమ్మతి," అని ఇంకో గీత గీశాడాయన. "సీనియర్ విభాగాధిపతి."

హైమ నోరు మూసుకుంది. తర్వాత చాలాసేపు ఆయన రాసిన కాయితం వంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు. మూడో డీఎస్సీకి సిలబస్ పుస్తకం మొదటిసారి తెరిచినప్పుడు అలాగే చూసింది.

"ఈ ఆఫీసు ఎప్పటిదాకా ఉంటుంది?" అని అడిగింది.

"రేపు సాయంత్రం ఆరు వరకు. సీలు బీరువాలో పెట్టి తాళం వేస్తాం. సోమవారం సెలవు."

"మీరు జనరల్ మేనేజర్. మీ పైన?"

"డైరెక్టర్ పోస్టు ఖాళీ. ఆ పైన మేనేజింగ్ డైరెక్టర్ పోస్టు. అదీ ఖాళీ. యజమాని గారు ఇటు రావడం మానేసి మూడేళ్ళయింది. వస్తే ఎక్కడ ఫిర్యాదు చేస్తానో అని ఆయన భయం."

ఆ సాయంత్రం హైమ పెన్నూ కాయితం పట్టుకుని రిసార్ట్ మొత్తం తిరిగింది. ఆదివారం ఉదయం తొమ్మిదికి విశ్వపతి బల్ల మీద ముప్ఫై ఒక్క అంశాల జాబితా పెట్టింది. బోటింగ్ చెరువులో బోట్లు లేవు. భూతాల గుహలో బల్బులన్నీ వెలుగుతున్నాయి, భూతాలు మాత్రం లేవు. నాలుగో అంతస్తుకి మెట్లున్నాయి, నాలుగో అంతస్తు లేదు.

ఆయన చదువుతూ చదువుతూ లేచి నిలబడ్డాడు. నిలబడే నియామక పత్రం టైపు చేశాడు. "డైరెక్టర్ గారూ, నమస్కారం," అన్నాడు. తన కుర్చీ తుడిచి ఇచ్చాడు.

హైమ కూర్చుంది. "ఇప్పుడు నేను మీకు పై అధికారిని. నన్ను రిలీవ్ చెయ్యమని ఆర్డర్ వేస్తున్నాను."

"కింది ఉద్యోగి పై అధికారిని రిలీవ్ చేస్తే దాన్ని తిరుగుబాటు అంటారు మేడమ్."

"అయితే నన్ను నేనే రిలీవ్ చేసుకుంటాను."

"దాన్ని పారిపోవడం అంటారు."

మా ఆవిడ రెండు చేతులతో తల పట్టుకుంది. పదకొండేళ్ళలో ఆవిడ అలా కూర్చోవడం చూడలేదు. అర మార్కు పోయిన రోజు కూడా వంట చేసి, బట్టలారేసి, అప్పుడు ఏడ్చింది.

అయినా డైరెక్టర్ డైరెక్టరే. మొదటి సంతకంతో నన్ను రిలీవ్ చేసింది. "థాంక్స్," అన్నాను. "థాంక్స్ మేడమ్," అని సవరించాడు విశ్వపతి. నాన్నని కూడా రిలీవ్ చెయ్యబోతే విశ్వపతి ఆపాడు. "పైడిరాజు గారి వయసు అరవై ఐదు. మా నిబంధనల ప్రకారం యాభై ఎనిమిదికి పదవీ విరమణ. నిన్ననే రిటైర్ కావాలి. రిటైరైన ఉద్యోగిని ఊరికే పంపకూడదు. సభ పెట్టి సత్కరించాలి."

నాన్న కుర్చీలో ముందుకి జరిగాడు. "సభా? శాలువా ఉంటదేటి?"

"ఉంటుంది. మూడింటికి ఎలాగూ సభ ఉంది. అతిథి సంతృప్తి ప్రమాణాల మండలి అధ్యక్షులు డాక్టర్ రత్నాకర్ గారు మాకు 'ఫిర్యాదు రహిత సంస్థ' పురస్కారం ఇవ్వడానికి వస్తున్నారు."

హైమ తలెత్తింది. "ఆయన ఇక్కడ ఏదైనా బాగాలేదని ఫిర్యాదు చేస్తే?"

విశ్వపతి మొహంలో నెత్తురు లేదు. "చెయ్యరు మేడమ్. చేస్తే మాత్రం, అంత పెద్దాయనకి మేనేజింగ్ డైరెక్టర్ కంటే తక్కువ పోస్టు ఇవ్వడం అవమానం."

హైమ నా వంక చూసింది. నేను హైమ వంక చూశాను. మేనేజింగ్ డైరెక్టర్ అంటే డైరెక్టర్‌కి పై అధికారి.

రెండింటికి రత్నాకర్ గారి కారు వచ్చింది. పట్టు లాల్చీ, నుదుటన బొట్టు, ఎవరినైనా ఆశీర్వదించడానికి సిద్ధంగా ఉన్న కుడి చెయ్యి. డైరెక్టర్ హోదాలో హైమ ఎదురెళ్ళి, రిసార్ట్ మొత్తం తానే చూపిస్తానంది. నలభై నిమిషాల్లో ఆయన నోటి నుంచి ఒక్క ఫిర్యాదు, ఒకే ఒక్కటి రాబట్టాలి.

"ఇది అలల కొలను సార్. నీళ్ళు లేవు."

"జల సంరక్షణ," అన్నాడాయన కళ్ళు మూసుకుని. "నేటి అవసరం."

"రంగులరాట్నం సార్. గుర్రాలకి తలల్లేవు."

"పిల్లల ఊహాశక్తికి చోటు వదిలారు. చక్కని ఆలోచన."

లిఫ్టు ఎక్కించింది. అది రెండు అంతస్తుల మధ్య ఆగి చీకటైంది. మెట్ల మీద నిలబడి నేను లోపలి మాటలు వింటున్నాను. పన్నెండు నిమిషాలు గడిచాయి.

"సార్, ఇబ్బందిగా ఉందా?" హైమ గొంతులో ఆశ.

"ఏకాంతం అమ్మా. నగరంలో దొరకదు."

భీమవరం ఆయన తెచ్చిన టీలో ఈగ ఉంది. అది కాకతాళీయం కాదు, డైరెక్టర్ గారి మౌఖిక ఆదేశం. రత్నాకర్ గారు దాన్ని చెంచాతో తీసి పక్కన పెట్టి, "జీవవైవిధ్యం," అని టీ తాగేశాడు. అప్పటికి నలభై ఆరు సంస్థలకి పురస్కారాలిచ్చిన మనిషి. ఈగలకి చలించే దశ ఎప్పుడో దాటిపోయాడు.

మూడు కావస్తుండగా హైమ నా పక్కకొచ్చి నిలబడింది. "ఇంక నావల్ల కాదండీ. ఈయన దేనికీ నొచ్చుకోడు. వీళ్ళ కుర్చీలో కూర్చుని నా కుర్చీ పోగొట్టుకున్నాను." కళ్ళు తుడుచుకుంది. "పదండి. కనీసం మామయ్యగారి ఫంక్షనైనా చేద్దాం. ఆయన ఎప్పట్నించో ఎదురుచూస్తున్నారు."

వేదిక మీదికెళ్ళి, ముందు పదవీ విరమణ సత్కారం అని తనే ప్రకటించింది. కార్యక్రమాల పట్టికలో అది చివరిది. విశ్వపతి ఏదో చెప్పబోయి, పై అధికారి కదా అని ఊరుకున్నాడు.

అరవై మంది సిబ్బంది చప్పట్ల మధ్య నాన్న వేదికెక్కాడు. భీమవరం ఆయన మైకు తీసుకుని, పానీయాల విభాగానికి పైడిరాజు గారు చేసిన ఒకటిన్నర రోజు సేవలు మరువలేనివన్నాడు. ఏసీ ఆవిడ కన్నీళ్ళు పెట్టుకుంది. మోక్షిత దండ వేసింది. హైమ ఎర్ర అంచు శాలువా విప్పి కప్పింది. నాన్న మైకు పట్టుకున్నాడు.

"నాను పని చేసింది బస్సులోన," అన్నాడు. "ముప్ఫై నాలుగేళ్ళు. ఏ ఒక్క పాసింజర్నీ సగం దారిలో దించలేదు. ఆ మాట నా మొహాన ఎవరన్నా అంటే బాగుణ్ణనుకున్నాను. అనలేదు. అందుకని నానే అంటన్నాను."

చప్పట్లు మోగాయి. ఆ కొద్దిసేపు అది నిజమైన రిటైర్మెంట్ ఫంక్షనే.

తర్వాత రత్నాకర్ గారిని పిలిచారు. విశ్వపతి ట్రే వైపు తిరిగాడు. ట్రే ఖాళీ. స్టోర్లో మిగిలింది ఆ ఒక్క శాలువాయే. ఆయన చిరునవ్వుతో నాన్న దగ్గరికి నడిచి, భుజం మీది శాలువా మెల్లగా లాగబోయాడు.

నాన్న రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఇది నాది బాబూ."

రత్నాకర్ గారి ఆశీర్వాదపు చెయ్యి గాల్లోనే ఉంది. అది మెల్లగా కిందికి దిగింది. నీళ్ళు లేని కొలను, తలల్లేని గుర్రాలు, టీలో ఈగ, ఏదీ తాకని ఆ మొహం ఎర్రబడింది.

"నలభై ఆరు సంస్థలు," అన్నాడు. "నలభై ఆరు. ఎక్కడా నాకంటే ముందు ఇంకొకరికి శాలువా కప్పలేదు. అదీ ఒక కండక్టరుకి. ఇది ఘోరమైన ప్రోటోకాల్ ఉల్లంఘన. నేను దీన్ని వదిలిపెట్టను."

"రాసిస్తారా సార్?" అంది హైమ. పెన్ను అప్పటికే ఆవిడ చేతిలో ఉంది.

"రాసిస్తాను." నిలబడే రాసిచ్చాడు. సంతకం కింద రెండు గీతలు గీశాడు.

విశ్వపతి ఆ కాయితం అందుకుని, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, మైకు దగ్గరికి నడిచాడు. "సంస్థ చరిత్రలో సువర్ణ ఘట్టం. డాక్టర్ రత్నాకర్ గారిని మేనేజింగ్ డైరెక్టర్‌గా నియమించడమైనది. ఈ మధ్యాహ్నం రెండు గంటల నుంచి అమల్లోకి వస్తుంది."

ఆయన వేలిముద్ర గేటు దగ్గరే తీసుకున్నారట. వీఐపీల సౌకర్యం కోసం.

రత్నాకర్ గారు కాదనలేదు. "మేనేజింగ్ డైరెక్టర్‌కి కుర్చీ ఎలాంటిది?" అని మాత్రం అడిగాడు. తోలు కుర్చీ చూపించారు. తిరుగుతుంది, కాకపోతే ఎడమ వైపే. కూర్చుని ఒకసారి తిరిగి చూసుకున్నాడు. హైమ రిలీవింగ్ ఆర్డర్ టైపు చేయించి ముందు పెట్టింది. గోడ గడియారం ఆగిపోయి ఉంది. నా వాచీలో ఐదూ నలభై.

"చదివాను," అన్నాడాయన. "సంతకం పెడతాను. ముందు ఆ శాలువా సంగతి తేలాలి."

"సార్, అది మా మామగారిది. ఇంకేదైనా అడగండి."

"ఇంకేదీ వద్దు."

ఐదూ నలభై ఐదు. విశ్వపతి సీలు గుడ్డతో తుడిచి బీరువా వైపు నడిచాడు. హైమ ఆర్డర్ వెనక్కి తీసుకోబోయింది. శాలువా అడగడానికి ఆవిడకి నోరు రాలేదు. నాకూ రాలేదు.

ఎవరూ అడక్కుండానే నాన్న లోపలికొచ్చాడు. శాలువా భుజాల మీంచి తీశాడు, అంచులు కలిపి రెండు మడతలు పెట్టాడు, మళ్ళీ విప్పాడు. రత్నాకర్ గారి వెనక్కి వెళ్ళి జాగ్రత్తగా కప్పాడు.

"మామయ్యా, వద్దు," అంది హైమ.

"కప్పించుకోవడం అయిపోయింది కదమ్మా," అన్నాడు నాన్న. "దాచుకుంటే చిమటలు తింటాయి. నువ్వు కాయితం పట్టు."

మేనేజింగ్ డైరెక్టర్ గారు సంతకం చేశాడు. విశ్వపతి సీలు కొట్టాడు. ఐదూ యాభై మూడు. మేం నలుగురం మెట్లు దిగుతుంటే వెనక నుంచి వినిపించింది.

"విశ్వపతీ, నా కారు పిలిపించు. ఇక నేను బయల్దేరాలి."

"అవశ్యం సార్. పై అధికారి సంతకం ఒక్కటి కావాలి."

"నా పైన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు సార్," అన్నాడు విశ్వపతి, ఎంతో గర్వంగా.

సోమవారం పదీ ఇరవైకి మేం జిల్లా ఆఫీసులో ఉన్నాం. గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని కాయితాలన్నీ వరసగా తిప్పాడు. ఆధార్ కొట్టి చూశాడు. రిలీవింగ్ ఆర్డర్ దగ్గర ఆగాడు.

"పనితీరు తృప్తికరం," అని పైకి చదివాడు. "సర్వీసు కాలంలో చేసిన ఫిర్యాదులు: లేవు." తలెత్తి హైమని ఆప్యాయంగా చూశాడు. "మాకు కావాల్సింది ఇలాంటి వాళ్ళేనమ్మా. ఇక్కడ సంతకం చెయ్యండి."

హైమ సంతకం చేసింది. తేదీ వేసింది. పదకొండేళ్ళ ఊపిరి ఒకేసారి వదిలి, పమిట చెంగుతో మెడ మీద చెమట తుడుచుకుంది. తుడుచుకుంటూ పైకి చూసింది.

నేను చెయ్యి పట్టుకుని ఆపేలోపలే అడిగేసింది.

"ఫ్యాను తిరగట్లేదేంటండీ?"

గుమాస్తా పెన్ను కింద పెట్టాడు. కళ్ళజోడు తీశాడు. మా భుజాల వెడల్పు ఒకరి తర్వాత ఒకరిది కళ్ళతోనే కొలిచి, బల్ల సొరుగు మెల్లగా లాగాడు.